రాసిపెట్టి ఉన్న చిరునామా

మన బడుల్లో ఏ ఫారం తీసుకున్నా చిరునామాకి రెండు గడులు ఉంటాయి. ఒకటి ప్రస్తుత చిరునామా, రెండోది శాశ్వత చిరునామా. మొదటి గడి నింపడానికి మీకు నిమిషం కూడా పట్టదు. క్వార్టర్ నంబరు, టైపు, సెక్టారు, పిన్‌కోడు, అంతే. రెండో గడి దగ్గరే పెన్ను ఆగిపోతుంది. "మేడమ్, ఇక్కడ ఏం రాయాలి?" అని ఏటా ఏప్రిల్‌లో నన్ను కనీసం పదిమంది అడుగుతారు. కొందరు తాతగారి ఊరు రాస్తారు. కొందరు పైన రాసిందే కింద మళ్ళీ రాస్తారు. ఒక అబ్బాయి అయితే "నాన్న రిటైరయ్యాక తెలుస్తుంది" అని రాసిచ్చాడు.

నాన్నగారో అమ్మగారో సైన్యంలోనో, రైల్వేలోనో, బ్యాంకులోనో పనిచేస్తుంటే మూడు నాలుగేళ్ళకోసారి సామాను కట్టే ఇళ్ళ పిల్లలు మీరు. నేనూ ఆ కోవకి చెందినదాన్నే. పదకొండేళ్ళ ఉద్యోగంలో ఇది నా ఐదో పోస్టింగు. ఒడిశాలో ఒక రేవు పట్నం, మధ్యప్రదేశ్‌లో ఒక కంటోన్మెంటు, అస్సాంలో ఒక టౌన్‌షిప్పు, ఇలా తిరుగుతూనే ఉన్నాను. ఆ రెండో గడి గురించి నాకు పనికొచ్చే జవాబు దొరికింది పుస్తకాల్లో కాదు, ఒక ప్రింటర్ దగ్గర. అందుకే ఈసారి తెలుగు విభాగంలో కంప్యూటర్ సంగతి రాస్తున్నాను. మధ్యలో కాస్త పాఠం ఉంటుంది, ఓపిక పట్టండి.

ఇంతకు ముందు నేను పనిచేసిన ఒక బడిలో స్టాఫ్‌రూములో పెద్ద ప్రింటర్ ఉండేది. యూనిట్ టెస్టు పేపర్లన్నీ దాని మీదే తీసేవాళ్ళం. ఎండాకాలం సెలవులయ్యాక బడి తెరిచిన మొదటి వారం ఎప్పుడూ ఒకటే గోల. ప్రింటర్‌లో దీపం వెలుగుతూనే ఉంటుంది. కాగితం ఉంది, ఇంకు ఉంది. కంప్యూటర్ మాత్రం ప్రింటర్ ఆఫ్‌లైన్‌లో ఉందంటుంది. తెలుగు పేపరు పట్టుకుని నేను, లెక్కల పేపరు పట్టుకుని ఇంకో టీచరు దాని ముందు దిక్కులు చూస్తూ నిలబడేవాళ్ళం. మా కంప్యూటర్ సార్‌ది విజయనగరం వైపు. ఆయన వచ్చి చూసి, "ప్రింటర్ ఎక్కడికీ పోలేదు మేడమ్. ఇల్లు మారింది. మీ కంప్యూటర్ ఇంకా పాత ఇంటి తలుపే కొడుతోంది" అన్నారు.

ఆ మాటకి అర్థం ఏమిటో చెప్తాను.

ఒక నెట్‌వర్క్‌లో ఉన్న ప్రతి పరికరానికీ ఒక నంబరు ఉండాలి. దాన్నే ఐపీ అడ్రస్ అంటారు. 192.168.1.37 లాగా చుక్కలతో విడదీసిన నాలుగు అంకెల గుంపులు. మన బడి లాంటి చిన్న నెట్‌వర్క్‌లో సాధారణంగా మొదటి మూడు గుంపులూ అందరికీ ఒకటే, చివరిది మాత్రమే వేరు. అది 1 నుంచి 254 వరకు ఏదైనా కావచ్చు. అంటే మొత్తం వీధికి 254 ఇళ్ళు. ల్యాబులో నలభై కంప్యూటర్లు, ఆఫీసులో కొన్ని, స్మార్ట్ బోర్డులు, టీచర్ల ఫోన్లు, అన్నీ ఆ ఇళ్ళలోనే సర్దుకోవాలి. ఒకే నంబరు రెండు పరికరాలకి పడిందా, రెండింటి పనీ చెడుతుంది. ఒకరి ఉత్తరం ఇంకొకరి గుమ్మంలో పడ్డట్టే.

మరి ఈ నంబర్లు పంచేది ఎవరు? ఒకప్పుడు ఒక మనిషి నోటుపుస్తకం పట్టుకుని ఒక్కో కంప్యూటర్ దగ్గరికీ వెళ్ళి టైపు చేసేవాడు. ఇప్పుడు ఆ పని డీహెచ్‌సీపీ సర్వర్ చేస్తుంది. పేరు పెద్దదే: డైనమిక్ హోస్ట్ కాన్ఫిగరేషన్ ప్రోటోకాల్. పని మాత్రం సత్రం గుమాస్తా పనే. మీ ఇంట్లో మినుకు మినుకుమనే వైఫై రౌటర్‌లో కూడా ఈ గుమాస్తా ఒకడు కూర్చుని ఉంటాడు. మీరు ఫోను ఆన్ చేసిన ప్రతిసారీ వాళ్ళిద్దరి మధ్యా ఇలాంటి సంభాషణ జరుగుతుంది.

"ఇక్కడ నంబర్లు ఇచ్చేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని ఫోను అడుగుతుంది. ఎవరిని అడగాలో దానికి ఇంకా తెలియదు కాబట్టి వీధి మొత్తానికి వినబడేలా కేకేస్తుంది.

"ఉన్నాను. 37 ఖాళీగా ఉంది, కావాలా?" అంటాడు గుమాస్తా.

"ఆ 37 నాకే ఇప్పించండి."

"సరే, రాసుకున్నాను. రేపు ఈ వేళ వరకు నీదే."

ఈ నాలుగు మాటలకీ డిస్కవర్, ఆఫర్, రిక్వెస్ట్, ఎక్‌నాలెడ్జ్‌మెంట్ అని పేర్లు. ఇంగ్లీషులో మొదటి అక్షరాలు కలిపి డోరా అని గుర్తు పెట్టుకుంటారు. పన్నెండో తరగతి వాళ్ళు పరీక్షలో కాకపోయినా ఇంటర్వ్యూలో ఈ మాట వింటారు.

చివరి వాక్యంలో "రేపు ఈ వేళ వరకు" అన్న మాట చూడండి. నంబరు ఇచ్చింది గడువుకే. దీన్ని లీజు అంటారు. మన పల్లెల్లో అయితే కౌలు. చాలా ఇంటి రౌటర్లలో ఈ గడువు ఒక రోజు ఉంటుంది. విండోస్ సర్వర్‌లో ఎవరూ మార్చకపోతే 8 రోజులు. గడువు సగం కాగానే పరికరం తనంతట తానే వెళ్ళి "ఇంకొన్నాళ్ళు ఉంటాను" అని అడుగుతుంది. సర్వర్ సరేనంటే లెక్క మళ్ళీ మొదటి నుంచి. అలా ఆన్‌లో ఉన్నంతకాలం ఒకే నంబరు మీద నెలలు గడిచిపోవచ్చు. కానీ గడువు దాటిపోయేదాకా ఆపేసి ఉంటే? ఆ నంబరు ఖాళీ జాబితాలోకి వెళ్తుంది. తర్వాత వచ్చిన ఎవరికైనా ఇచ్చేయవచ్చు. మా ప్రింటర్‌కి జరిగింది అదే. సెలవుల్లో నెల పైగా ఆపేశారు. ఈలోగా దాని 37 ఎవరి ఫోనుకో వెళ్ళిపోయింది. బడి తెరిచాక ప్రింటర్ వచ్చి అడిగితే 61 ఇచ్చారు. మా కంప్యూటర్లకి గుర్తున్నది మాత్రం 37.

ఇక్కడ సార్ ఒక మాట చెప్పారు. నాకు అది చాలా నచ్చింది. అందరికీ స్థిరమైన నంబరు అక్కర్లేదట. మీ ఫోను బయటికి వెళ్ళి వెతికేది. దానికి ఈ రోజు 37, రేపు 90 వచ్చినా నష్టం లేదు. కానీ ప్రింటర్, సీసీటీవీ రికార్డర్, హాజరు యంత్రం, లైబ్రరీ కేటలాగు ఉన్న కంప్యూటర్, వీటిని ఇతరులు వెతుక్కుంటూ వస్తారు. ఎవరిని వెతుక్కుంటూ నలుగురు వస్తారో వాళ్ళకి ఒక స్థిరమైన చోటు కావాలి.

ఆ చోటు ఇవ్వడానికి రెండు దారులున్నాయి.

మొదటిది, ప్రింటర్‌లోనే నంబరు టైపు చేసి "నీది ఎప్పటికీ 37" అని చెప్పేయడం. ఇది స్టాటిక్ పద్ధతి. ప్రింటర్ ఇక ఎవరినీ అడగదు. చిక్కు ఏమిటంటే సర్వర్‌కి ఈ సంగతి తెలియదు. దాని జాబితాలో 37 ఖాళీగానే కనబడుతుంది. ఎవరికో ఇచ్చేసిందంటే ఇద్దరికీ గొడవ. పైగా ఆ ప్రింటర్‌ని ఇంకో భవనంలో, ఇంకో నెట్‌వర్క్‌లో పెడితే అక్కడ వీధి పేరే వేరు. అది మాత్రం పాత వీధి నంబరు పట్టుకుని అలాగే కూర్చుంటుంది. దాన్ని ఎవరూ చేరుకోలేరు, అదీ ఎవరినీ చేరుకోలేదు.

రెండోది రిజర్వేషన్. రైల్లో బెర్తు లాంటిదే. ఇందులో ప్రింటర్‌ని ముట్టుకోనే ముట్టుకోరు. మార్పు అంతా సర్వర్ రిజిస్టర్‌లో. ప్రతి నెట్‌వర్క్ పరికరానికీ ఫ్యాక్టరీలోనే ఇచ్చిన గుర్తు ఒకటి ఉంటుంది, మ్యాక్ అడ్రస్ అంటారు. పన్నెండు అక్షరాలు, రెండేసి చొప్పున ఆరు జతలు. సాధారణంగా మొదటి మూడు జతలూ తయారీ కంపెనీకి ఐఈఈఈ అనే సంస్థ కేటాయించినవి. మిగతా మూడూ ఆ కంపెనీ ఒక్కో పరికరానికి వేరుగా ఇచ్చేవి. ఊరు మారినా, నెట్‌వర్క్ మారినా ఈ గుర్తు మారదు. సర్వర్ రిజిస్టర్‌లో "ఈ గుర్తు ఉన్నవాళ్ళు ఎప్పుడొచ్చినా 37 ఇవ్వాలి, ఇంకెవరికీ ఇవ్వకూడదు" అని ఒక్క వరుస రాస్తే చాలు. ప్రింటర్ మామూలుగానే వచ్చి అందరిలాగే అడుగుతుంది. గుమాస్తా దాని ముఖం చూసి గుర్తుపట్టి, "నీ గది నీకే ఉంది, వెళ్ళు" అంటాడు. రెండు నెలల తర్వాత వచ్చినా అంతే.

ఇంట్లో చేసి చూడాలనుకునేవాళ్ళకి నాలుగు మాటలు. అమ్మానాన్నల అనుమతితోనే చేయండి. మొదట పరికరం మ్యాక్ అడ్రస్ చూసుకోండి. ప్రింటర్‌కైతే వెనక అంటించిన చీటీ మీదో, సెట్టింగుల్లో నెట్‌వర్క్ వివరాల్లోనో ఉంటుంది. వైఫైకి ఒకటి, కేబులుకి ఇంకొకటి ఉంటాయి కాబట్టి మీరు వాడే దారిదే రాసుకోండి. తర్వాత రౌటర్ సెట్టింగుల్లో డీహెచ్‌సీపీ పేజీకి వెళ్తే అడ్రస్ రిజర్వేషన్ అనో, స్టాటిక్ లీజు అనో ఉంటుంది. అక్కడ ఆ గుర్తునీ, మీరు ఎంచుకున్న నంబరునీ జతచేయాలి. ఆ నంబరు అప్పటికే ఇంకొకరి దగ్గర లేదని చూసుకోవాలి. కొన్ని రౌటర్లు మామూలుగా పంచే నంబర్ల వరుసలోంచే ఎంచుకోమంటాయి, కొన్ని దాని బయట ఎంచుకోమంటాయి. చివరగా పరికరాన్ని ఒకసారి ఆపి ఆన్ చేస్తే కొత్త నంబరు తీసుకుంటుంది. మా సార్ ఇంకొక పని కూడా చేశారు. ప్రింటర్ మీద చీటీ అంటించి ఆ నంబరు రాశారు, స్టాక్ రిజిస్టర్ చివరి పేజీలోనూ రాశారు. "నాకూ బదిలీ వస్తుంది కదా మేడమ్, తర్వాత వచ్చేవాళ్ళకి తెలియాలి" అన్నారు.

చరిత్ర కూడా కొంచెం చెప్తాను, ఎందుకంటే అందులో ఒక విశేషం ఉంది. డీహెచ్‌సీపీకి ముందు బూట్‌పీ అని ఒకటి ఉండేది. 1985లో బిల్ క్రాఫ్ట్, జాన్ గిల్మోర్ అనే ఇద్దరు దాని నిబంధనలు రాశారు. అందులో గడువులూ కౌళ్ళూ లేవు. ఏ గుర్తుకి ఏ నంబరో ముందే ఒక పట్టికలో రాసిపెట్టి ఉంచేవారు. పట్టికలో లేనివాళ్ళకి చోటు లేదు. పరికరాలు పెరిగాయి, వచ్చిపోయేవి ఎక్కువయ్యాయి. అప్పుడు 1993లో డీహెచ్‌సీపీ వచ్చింది. ఇప్పుడు మనం వాడేదానికి మూలమైన పత్రాన్ని రాల్ఫ్ డ్రామ్స్ 1997 మార్చిలో రాశారు. వచ్చినవాళ్ళకి గడువు మీద చోటిచ్చే పద్ధతి దీనితోనే వచ్చింది. అయినా పేరు రాసిపెట్టి ఉంచే పాత పద్ధతిని తీసేయలేదు, దాని పక్కనే ఉంచారు. రెండూ కావాలి మరి.

ఇదంతా మీకెందుకు చెప్తున్నానంటే, అదే ఏడాది ఏడో తరగతికి "మా ఊరు" అని వ్యాసం ఇచ్చాను. ఒక అమ్మాయి పైన శీర్షిక పెట్టి, కింద ఆరు క్వార్టర్ నంబర్లు వరసగా రాసి తెచ్చింది. ఆరు రాష్ట్రాలు. చివర్లో ఒక వాక్యం: "మేడమ్, వీటిలో మా ఊరు ఏదో మీరే దిద్దండి." అది చదివి నవ్వాలో బాధపడాలో తెలియలేదు. ఎర్ర పెన్ను మూత కూడా తీయలేదు. ఆ అమ్మాయి అల్లరికి రాసింది కాదు. నాన్నగారు పారామిలటరీలో పనిచేస్తారు. ఆ ఆరు ఇళ్ళలో ఒక్కదానికి కూడా ఇప్పుడు వెళ్ళి తలుపు కొట్టలేదు. వేరేవాళ్ళుంటారు. గడువు అయిపోయింది, నంబరు చేతులు మారింది.

మరునాడు క్లాసులో ప్రింటర్ కథ చెప్పాను. బోర్డు మీద గుమాస్తా బొమ్మ వేశాను. తర్వాత ఒక ప్రశ్న వేశాను: "మీరు లేనప్పుడు కూడా మీ పేరు మీద ఎవరైనా ఏదైనా ఆపి ఉంచారా? ఎక్కడ? అది రాయండి. ఊరి పేరు రాయక్కర్లేదు." వారం గడువిచ్చాను.

ఆ అమ్మాయి ఈసారి పేజీన్నర రాసింది. వాళ్ళ అమ్మమ్మగారి ఇల్లు ప్రొద్దుటూరులో. వంటింటి గూట్లో ఒక స్టీలు గ్లాసు ఉంటుంది. దాని మీద ఈ పిల్ల పేరు వేయించారు, పుట్టిన తారీఖుతో సహా. మన ఇళ్ళలో గిన్నెల మీద పేర్లు వేయించడం మీకు తెలిసిందే కదా. ఏడాదికి ఇరవై రోజులే ఆ పిల్ల అక్కడ ఉండేది. మిగతా రోజులన్నీ ఆ గ్లాసు బోర్లించి ఉంటుంది. చుట్టాలొచ్చి గ్లాసులు చాలకపోయినా అమ్మమ్మ అందులో కాఫీ పోయదట. "అది పాపది" అంటుందట. రాత్రి రెండింటికి బస్సు దిగి వెళ్ళి తలుపు కొడితే, ఎవరని అడగకుండానే, కొట్టే తీరు బట్టి పేరు పెట్టి పిలుస్తూ తలుపు తీస్తుందట.

దిద్దడానికి అందులో రెండు ఒత్తులు మాత్రమే దొరికాయి నాకు.

అప్పటి నుంచి శాశ్వత చిరునామా గురించి నేను చెప్పే జవాబు ఇదే. అది మన సంచిలో మోసుకెళ్ళేది కాదు. ఎవరి దగ్గరో మన పేరు మీద రాసి ఉంటుంది. మనం వెళ్ళి నిలబడితే వాళ్ళు గుర్తుపడతారు. ఫారంలో పిన్‌కోడుతో సహా రాయవలసింది రాయండి. కానీ ఆ గడి ఖాళీగా కనబడినంత మాత్రాన మీకు చోటు లేదనుకోకండి.

కొత్త బడిలో పాత నంబరు పట్టుకుని కూర్చునే పిల్లల్నీ చూశాను. "మా పాత స్కూల్లో ఇలా కాదు" అని రోజూ అంటారు, ఎవరితోనూ కలవరు. వాళ్ళ మీద కోపం రాదు నాకు. స్టాటిక్ నంబరు పెట్టిన ప్రింటర్ గుర్తొస్తుంది. కొత్త వీధిలో కొత్త నంబరు అడిగి తీసుకోండి. పాత చోట మీ పేరు అలాగే ఉంటుంది, దాన్ని పట్టుకుని కూర్చోనక్కర్లేదు.

దీనికి ఎదురు రకం కూడా ఉంది. ఈ మధ్య ఫోన్లు అసలు మ్యాక్ అడ్రస్ దాచి, ఒక్కో వైఫైకి ఒక్కో కల్పిత గుర్తు చూపిస్తున్నాయి. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఇది మామూలైంది. బజార్లో, రైల్వే స్టేషన్లో మనల్ని ఎవరూ వెంటాడకుండా ఇది మంచి రక్షణే. కానీ ఆ ఫోనుకి ఇంట్లో రిజర్వేషన్ ఉండి, గుర్తు మారిపోతే సర్వర్ దాన్ని పోల్చుకోలేదు, కొత్త అతిథే అనుకుంటుంది. అందుకే ఇంటి వైఫై వరకు అసలు గుర్తే చూపించమని సెట్టింగు మార్చుకోవచ్చు. కొత్త ఊళ్ళో తెలుగు రాదన్నట్టు నటించే పిల్లలు నాకు ప్రతి బడిలోనూ తగులుతారు. నలుగురిలో వేరుగా కనబడకూడదని అలా చేస్తారు, నాకు తెలుసు. బయట మీ ఇష్టం. అమ్మమ్మతో ఫోనులో మాట్లాడేటప్పుడు మాత్రం మీ అసలు గొంతు వినిపించండి. ఆమె రిజిస్టర్‌లో ఉన్నది ఆ గొంతే.

మరి ఆ సర్వరే పోతే? ఈ ప్రశ్న ఆ తరగతిలోనే ఒక అబ్బాయి అడిగాడు. మంచి ప్రశ్న. మా నాన్నగారు పోయాక తెనాలి దగ్గర మా ఇల్లు అమ్మేశాం. నేను ఉద్యోగంలో చేరినప్పుడు శాశ్వత చిరునామా గడిలో రాసిన ఇల్లు అది. ఆ తర్వాత వచ్చిన ఫారంలో ఆ గడి దగ్గర నా పెన్ను కూడా ఆగింది. మా అక్కయ్య గుంటూరులో ఉంటుంది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు నా పేరు వేసిన కంచం తీసుకెళ్ళి తన వంటింట్లో పెట్టుకుంది. నేనడగలేదు. ఇప్పుడు సెలవులకి వెళ్తే అందులోనే అన్నం పెడుతుంది. కంప్యూటర్ సార్ చెప్పిన ప్రకారం సర్వర్ మార్చేటప్పుడు చేయవలసింది కూడా ఇదే. పాతది ఆపక ముందే రిజర్వేషన్ల జాబితాని కాపీ చేసి కొత్తదానికి ఎక్కించాలి. యంత్రం మారినా జాబితా నిలవాలి. ఇంట్లో ఆ కాపీ చేసేది ఎవరో ఒకరు ఉండాలి. పెద్దయ్యాక అది మీరే కావచ్చు.

ఇప్పటికిప్పుడు మీరు చేయగలిగేది కూడా ఒకటి ఉంది. ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికి కొందరి టీసీలు తయారవుతూ ఉంటాయి. హాజరు పట్టీలో ఆ పేర్ల మీద గీత పడుతుంది. అది ఆఫీసు పని, తప్పదు. మీరు మాత్రం ఆ స్నేహితుడి పుట్టినరోజు రాసి ఉంచుకోండి. కబడ్డీలో ఏ పక్కన నిలబడేవాడో, టిఫిన్ డబ్బాలో ఏం చూస్తే పరిగెత్తుకొచ్చేవాడో గుర్తుంచుకోండి. ఏ పదో తరగతి సెలవుల్లోనో వాడు మళ్ళీ కనబడితే కొత్తవాడిలా నిలబెట్టకండి.

నా దగ్గర ఒక నీలం అట్ట నోటుపుస్తకం ఉంది. ఐదు బడుల్లో నా దగ్గర తెలుగు చదివి వెళ్ళిన పిల్లల పేర్లు, వరుస నంబర్లతో అందులో ఉన్నాయి. ఏ నంబరూ రెండోవాళ్ళకి ఇవ్వలేదు. ఈ ఏడాది వెళ్ళేవాళ్ళు కొత్త ఊరు చేరాక ఒక కార్డు ముక్క రాయండి, తెలుగులో. ఒత్తులు తప్పినా ఫరవాలేదు, దస్తూరీ చూసి పోల్చుకుంటాను.